నాన్న సీల్ తీయకుండా ఉంచిన ఎల్పీలు: వినాలా, దాచాలా, అమ్మాలా?

మారేడ్‌పల్లి పాతిల్లు:

అందరికీ నమస్కారం. రికార్డుల గురించి నాకు పెద్దగా తెలియదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మా నాన్నగారు పోయిన కార్తీకంలో కాలం చేశారు. రైల్ నిలయంలో పనిచేసి రిటైరయ్యారు. ఈస్ట్ మారేడ్‌పల్లిలోని మా ఇల్లు బిల్డరుకు ఇచ్చేస్తున్నాం, ఉగాదిలోపు ఖాళీ చేయాలి. సామాను సర్దుతుంటే సజ్జ మీద ఇనప ట్రంకులో 14 ఎల్పీలు దొరికాయి. ఒక్కటి కూడా విప్పినట్టు లేదు. ఆయన రోజూ వినే రికార్డులు వేరే ఉన్నాయి, హాల్లో బీరువాలో 160 దాకా. అవన్నీ నేను చిన్నప్పటినుంచి ఎరిగినవే. ఈ ట్రంకు సంగతి మాత్రం నాకు తెలియదు.

పద్నాలుగింటిలో తొమ్మిది అమెరికావి. మా బాబాయి షికాగోలో ఉండేవాడు, 1978 నుంచి 1986 వరకు వచ్చినప్పుడల్లా రెండో మూడో తెచ్చేవాడు. వాటి మీద గట్టిగా బిగిసిన ప్లాస్టిక్ కాగితం ఉంది. జుబిన్ మెహతా లాస్ ఏంజెలెస్ వాద్యబృందంతో చేసినవి రెండు, లండన్ లేబుల్. జాజ్ వాద్యకారుడు మైల్స్ డేవిస్‌ది ఒకటి, కొలంబియా లేబుల్. పియానోవి రెండు. మిగిలిన నాలుగు అప్పట్లో అక్కడ మోగిన పాప్ పాటలు. తక్కిన ఐదూ మన హెచ్‌ఎంవీవే: చిట్టిబాబు గారి వీణ రెండు, బాలమురళీకృష్ణ గారిది ఒకటి, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారివి రెండు. ఇవి పాలిథిన్ సంచుల్లో ఉన్నాయి, నోటికి సెల్లో టేపు అంటించి ఉంది.

పాత సామాను కొనే ఒకాయన వచ్చి చూసి, పద్నాలుగూ కలిపి 6,000 ఇస్తానన్నాడు. "విప్పారంటే విలువ సున్నా, ఇప్పుడే ఇచ్చేయండి" అని తొందరపెట్టాడు. బెంగళూరులో ఉన్న తమ్ముడు ఫోన్లో "అమ్మెయ్యక్కా, ఎవరు వింటారు" అంటాడు. అమ్మ ఏమీ తేల్చి చెప్పడం లేదు. మా అమ్మాయికి మాత్రం వినాలనే ఉంది. పోయిన పుట్టినరోజుకి సూట్‌కేసులా మూసే చిన్న ప్లేయరు కొనిపించుకుంది, దాని మీద పెడదామంటుంది.

నాకు డబ్బు అవసరం కాదు. కానీ నాన్న నలభై ఏళ్ళు కదపకుండా ఉంచినదాన్ని నేను ఒక్క నిమిషంలో చించేస్తే తప్పు చేసినట్టు అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

ఆబిడ్స్ ఆదివారం:

అమ్మా, ముందు ఆ 6,000 మాట పక్కన పెట్టండి. తొందరపెట్టే మనిషికి ఈ రోజు ఏదీ అమ్మకండి. రెండో పని, ఆ ట్రంకును ఇవాళే సజ్జ మీదనుంచి దింపించండి. స్లాబు కింద సజ్జ అంటే మన ఎండాకాలంలో పొయ్యి పక్కన పెట్టినట్టే. పైగా ట్రంకులో పడుకోబెట్టి ఉంటాయి, అడుగున ఉన్నవాటి మీద మిగతావాటి బరువంతా పడుతుంది. ఎల్పీలను పుస్తకాల్లా నిలువుగా, ఒకదానికొకటి ఆనుకుని, వాలకుండా పెట్టాలి. గోడకు ఎండ తగలని చోట.

నేను నారాయణగూడలో ఉంటాను. ముప్పై ఏళ్ళకు పైగా రికార్డులు పోగుచేస్తున్నాను. క్యాసెట్లు వచ్చాక జనం ఎల్పీలను వదిలించుకున్న రోజుల్లో జుమ్మేరాత్ బజార్లో సంచులకొద్దీ కొన్నాను. ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాల మధ్య కొన్నాను. సీల్ తీయనివి నా దగ్గరా ఉండేవి. వాటితో నేను చేసిన తప్పు చెబుతాను. ఒక అమెరికా ఎల్పీని 22 ఏళ్ళు విప్పకుండా దాచాను. విప్పకపోతే కొత్తగా ఉంటుందని నా నమ్మకం. విప్పి చూస్తే గిన్నెలా వంగి ఉంది. ఆ ప్లాస్టిక్ పేరే ష్రింక్ ర్యాప్. అంటే ముడుచుకునే గుణం ఉన్నది. ఫ్యాక్టరీలో వేడి తగిలించి బిగిస్తారు. తర్వాత ఏళ్ళ తరబడి, ముఖ్యంగా వేడిలో, ఇంకా ఇంకా బిగుసుకుంటూనే పోతుంది. అట్ట అంచులు వంగుతాయి, అట్టతో పాటు లోపలి రికార్డూ వంగుతుంది. నేను భద్రం అనుకున్నదే దాన్ని పాడుచేసింది. కాబట్టి విప్పకుండా ఉండటం వేరు, బాగుండటం వేరు. మొదటినుంచే చిల్లు మధ్యలో సరిగా పడనివి, వంపుతో వచ్చినవి కూడా సీల్ లోపల ఉంటాయి. చూసే దారి లేదు కదా.

ఇప్పుడు మీ వాటి దగ్గరికి వద్దాం. హెచ్‌ఎంవీ ఐదింటినీ "సీల్డ్" అనకండి. కలకత్తా డమ్‌డమ్‌లోని హెచ్‌ఎంవీ ఫ్యాక్టరీలో వేసిన పాత ఎల్పీలు నేను చూసినవాటిలో ఫ్యాక్టరీ ష్రింక్ ర్యాప్‌తో వచ్చింది ఒక్కటీ లేదు. కొనేముందు షాపులో పెట్టి వినిపించేవాళ్ళు కూడా. ఆ సెల్లో టేపు మీ నాన్నగారో షాపువాళ్ళో వేసి ఉంటారు. కాబట్టి ఈ ఐదింటికి సీల్ వల్ల వచ్చే అదనపు ధర ఏమీ లేదు, విప్పితే పోయేదీ లేదు. విప్పకపోతేనే నష్టం. టేపు జిగురు కారి అట్టకు అంటుకుంటుంది. ఆ సంచి మెత్తగా, జిగటగా, రికార్డుకు అతుక్కునే రకమైతే అది పీవీసీ. దానిలో మెత్తదనం కోసం కలిపే రసాయనం బయటికి వచ్చి రికార్డు మీద పొగలాంటి మసక పట్టిస్తుంది, ఆ తర్వాత ఎంత తుడిచినా పోదు. గలగలలాడే పాలిథిన్ అయితే భయం లేదు. ఏదైనా సరే, తీసేసి కొత్త పాలీప్రొపిలీన్ కవర్లు వేయండి. టేపును లాగకండి, సంచి పక్కనుంచి కత్తిరించండి.

అమెరికా తొమ్మిదింటిని ఒక్కొక్కటీ పట్టుకుని ఇవి చూసి చెప్పండి:

అట్ట మూల కోసి ఉందా, లేక చిన్న చిల్లు గానీ రంపపు గాటు గానీ ఉందా? ఉంటే అది కట్-అవుట్. కంపెనీ అమ్ముడుపోని సరుకు తగ్గింపు ధరకు వదిలించుకున్నప్పుడు పెట్టే గుర్తు. సీల్ ఉన్నా సేకర్తలు తక్కువ ఇస్తారు.

వెనక బార్‌కోడ్ ఉందా? అమెరికా దుకాణంలో బార్‌కోడ్ మొదటిసారి స్కాన్ చేసింది 1974లో. ఎల్పీ అట్టల మీదికి అది ఇంకా తర్వాత వచ్చింది. 1950ల నాటి సంగీతం అయినా, బార్‌కోడ్ ఉంటే అది తర్వాత మళ్ళీ వేసిన ముద్రణ.

మైల్స్ డేవిస్ దాని అట్ట మీద ఉన్న నంబరు ముందు ఏ అక్షరాలున్నాయి? కొలంబియా స్టీరియో ఎల్పీలకు మొదట సి.ఎస్. ఉండేది. 1970ల మధ్యనుంచి అవే పాతవి పి.సి. అని మళ్ళీ వేశారు. తికమక పడకండి, లండన్ లేబుల్ వాళ్ళూ సి.ఎస్. అనే వాడారు, దానికీ దీనికీ సంబంధం లేదు. లండన్ రెండింటి వెనక "మేడ్ ఇన్ ఇంగ్లండ్" ఉందా చూడండి. డెక్కా వాళ్ళు అమెరికాలో అమ్మడానికి పెట్టుకున్న పేరే లండన్. ఇంగ్లండ్‌లో అచ్చువేసిన ఆ రికార్డుల ధ్వనికి మంచి పేరు.

చివరగా ఒక ప్రశ్న. ఆయన వీటిని ఎందుకు విప్పలేదు? బీరువాలో 160 రికార్డులు అరిగేలా విన్న మనిషి, దాచి అమ్ముకునే మనిషి కాదు. అమ్మగారిని అడగండి. మీ నిర్ణయానికి ధర కన్నా అదే ముఖ్యమని నాకనిపిస్తోంది.

కూకట్‌పల్లి ఎల్పీ:

అన్న చెప్పినవన్నీ కరెక్టే. నేను ఉద్యోగం చేసుకుంటూ పక్కన రికార్డులు కొని అమ్ముతుంటాను. అమ్మేవాడి వైపు నుంచి కొంచెం చెప్తాను మేడమ్.

ధర తెలుసుకోవడానికి డిస్కాగ్స్ అనే రికార్డుల వెబ్‌సైటులో ఆ రికార్డు పేజీ తెరిచి, ఎంతకు అమ్మజూపుతున్నారో కాకుండా ఎంతకు అమ్ముడయ్యాయో చూడండి. తక్కువ, మధ్య, ఎక్కువ మూడూ అక్కడే ఉంటాయి. కానీ ఒక చిక్కుంది. ఒకే ఆల్బమ్‌కి పదుల ముద్రణలు ఉంటాయి. లోపల రికార్డు మధ్యలో, పాట అయిపోయాక ఉండే ఖాళీ భాగంలో గీసిన నంబరు చూస్తేగానీ ఏ ముద్రణో ఖాయంగా చెప్పలేం. సీల్ ఉంటే అది కనబడదు. కాబట్టి సీల్డ్ రికార్డు కొనేవాడు అంతో ఇంతో గుడ్డిగానే కొంటాడు.

ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఒకసారి నేను సీల్డ్ అని నమ్మి కొన్నాను. ఇంటికొచ్చి విప్పితే లోపల వేరే రికార్డు, అదీ గీతలు పడింది. ఎవరో పాత అట్టకు కొత్తగా ర్యాప్ వేశారు. మూడు వారాలు నిద్ర పట్టలేదంటే నమ్మండి, డబ్బు కన్నా నమ్మినందుకు బాధ. అప్పటినుంచి ర్యాప్ కింద అట్టను చూస్తాను. ర్యాప్ చెక్కుచెదరకుండా ఉండి, లోపల అట్ట మీద మాత్రం గుండ్రని అరుగుదల గానీ, మూలల్లో తెల్లగా లేవడం గానీ ఉంటే అది తర్వాత వేసిన ర్యాప్. మీ వాటికి ఆ భయం లేదు, ఎక్కడివో తెలుసు కదా. "మా బాబాయి తెచ్చాడు, అప్పటినుంచి ఇంట్లోనే ఉంది" అని చెప్పగలగడమే పెద్ద విలువ. అమ్మితే ఆ సంగతి రాసి అమ్మండి.

ఇంకో మాట. వంపు సంగతి అమ్మేముందే చూసుకోవాలి. గాజు బల్ల మీద పెట్టి, కంటి ఎత్తుకు వంగి అంచు చూడండి. అట్టే బల్లకు ఆనకుండా లేచి ఉంటే లోపలిదీ వంగినట్టే అనుకోండి. నేను సీల్డ్ అని పుణేకి పంపినది ఒకటి వంపుతో బయటపడింది. మొత్తం డబ్బు తిరిగి ఇచ్చి, రెండువైపులా కొరియర్ ఖర్చు భరించాను. కొనేవాడి తప్పూ కాదు, నా తప్పూ కాదు.

నా లెక్క ఇది: మళ్ళీ సులభంగా దొరికే ముద్రణ అయితే విప్పి వినండి. అరుదైనది అయి, మీ ఇంట్లో ఎవరికీ ఆ సంగీతం మీద మనసు లేకపోతే, విప్పకుండా అమ్మండి. మీ పాప్ నాలుగూ బహుశా రెండింటికీ మధ్యలో ఉంటాయి.

తార్నాక టెక్నీషియన్:

ఒక్కటే చెప్పి వెళ్తాను, దయచేసి వినండి. పాప సూట్‌కేస్ ప్లేయరు మీద వీటిని పెట్టకండి.

అలాంటి చవక ప్లేయర్లలో ఎక్కువగా సిరామిక్ కార్ట్రిడ్జి (ముల్లు బిగించి ఉండే భాగం) ఉంటుంది. ముల్లు రికార్డు మీద ఐదు గ్రాములు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ బరువు వేస్తుంది. మామూలు మంచి మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జికి ఒకటిన్నర నుంచి రెండు గ్రాములు చాలు. ఆడియో టెక్నికా వీఎం95ఈ లాంటిదానికి కంపెనీ చెప్పే బరువు రెండు గ్రాములు. బరువు తూచే చిన్న డిజిటల్ త్రాసు ఉంటుంది, అది కూడా తీసుకోండి. ఆ రకం ముల్లు దాదాపు 300 గంటలు పనిచేస్తుంది. తర్వాత ముల్లు మార్చాలి, లేకపోతే అరిగిన ముల్లు ఉలిలా గాడి గోడలను చెక్కేస్తుంది. గాడి ఒకసారి చెడితే శుభ్రం చేసినా, ఎంత ఖరీదైన ప్లేయరు మీద పెట్టినా బాగుపడదు.

ఇంట్లో నాన్నగారి పాత ప్లేయరు ఉంటే దాన్నీ వాడకండి, చూపించకుండా.

మారేడ్‌పల్లి పాతిల్లు:

మీ ముగ్గురికీ చాలా థాంక్స్. ట్రంకు దింపించాం. మీరు చెప్పినవన్నీ చూశాను.

పాప్ నాలుగింటిలో మూడింటికి మూల కోసి ఉంది. మైల్స్ డేవిస్ దానికి పి.సి. అని ఉంది, బార్‌కోడ్ కూడా ఉంది. లండన్ రెండింటికీ వెనక మేడ్ ఇన్ ఇంగ్లండ్ అని ఉంది. ఒకటి బల్ల మీద చదునుగానే ఉంది. రెండోది అడుగున ఉన్నది, మూల కాస్త లేచింది. పియానో రెండూ బాగానే కనిపిస్తున్నాయి.

ఆబిడ్స్ ఆదివారం గారూ, మీ ప్రశ్న అమ్మను అడిగాను. వెంటనే "ముల్లు లేక" అంది. నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది.

మా ఇంట్లో 1974లో కొన్న హెచ్‌ఎంవీ ఫియెస్టా రికార్డు ప్లేయరు ఉండేది. బాబాయి మొదట తెచ్చిన అమెరికా రికార్డును నాన్న ఆ రాత్రే విప్పి పెట్టారట. నెల తిరక్కుండానే అందులో గరగర మొదలైంది. కోఠీలో షాపులన్నీ తిరిగి ముల్లు మార్పించారు. ఆ దొరికినదీ అంతంత మాత్రమే. "వాడు అంత దూరం నుంచి మోసుకొస్తే నేను చెడగొట్టుకున్నా" అని చాలా రోజులు బాధపడ్డారట. మిగతావి మంచి ప్లేయరు కొన్నాక విప్పుతానన్నారు. తర్వాత మా చదువులు, తమ్ముడి ఇంజనీరింగ్ సీటు, నా పెళ్ళి. 1990లలో క్యాసెట్ ప్లేయరు వచ్చింది. ట్రంకు పైకెక్కింది.

నేను బీరువాలో వెతికాను. ఆ మొదటి రికార్డు దొరికింది. అదీ జుబిన్ మెహతాదే. గాళ్ళు కొన్నిచోట్ల బూడిద రంగులో ఉన్నాయి. లోపలి కాగితం కవరు మీద నాన్న పెన్సిలుతో రాసుకున్నారు: "ముల్లు అరిగింది. ఇది ఇక పెట్టొద్దు. 11-3-79."

నేనేమో ఆయన దాచుకున్నారని అనుకున్నాను. ఆయన వినడానికే ఆగారు.

ఇప్పుడు ప్లేయరు కొనాలి. టెక్నీషియన్ గారూ, పాత ఫియెస్టా ఇంకా ఉంది. దాని కార్ట్రిడ్జికి చిన్న మీట ఉంది, అటూ ఇటూ తిరుగుతుంది. అదేమిటి?

తార్నాక టెక్నీషియన్:

అది రెండు ముళ్ళ కార్ట్రిడ్జి మేడమ్. ఒకవైపు 78 స్పీడు లక్క రికార్డులకు లావు ముల్లు, రెండోవైపు ఎల్పీలకు సన్నది. మీట పొరపాటున లావువైపు ఉండగా ఎల్పీ పెడితే గాడిలోకి దిగకుండా పైన ఒరుసుకుంటూ పోతుంది. మీ నాన్నగారి మొదటి రికార్డుకు అరిగిన ముల్లే కాకుండా అది కూడా జరిగి ఉండొచ్చు, చూడకుండా చెప్పలేను. ఫియెస్టాను గుర్తుగా ఉంచుకోండి. బెల్ట్ డ్రైవ్ (పళ్ళెం బెల్టుతో తిరిగే) ప్లేయరు ఏదైనా కొనండి, ముల్లు బరువు సర్దుకోగలిగే చెయ్యి ఉన్నది మాత్రమే.

ఆబిడ్స్ ఆదివారం:

అమ్మా, ఆ పెన్సిలు రాత చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మా తరంలో చాలామంది ఇలాగే ఆగారు.

ఇక నా అభిప్రాయం సూటిగా చెబుతాను. హెచ్‌ఎంవీ ఐదూ విప్పండి, వినండి. మైల్స్ డేవిస్ పి.సి. ముద్రణ, మళ్ళీ దొరుకుతుంది, విప్పండి. మూల లేచిన లండన్‌ను తప్పకుండా విప్పండి, ఇంకా అలాగే ఉంచితే ఇంకా వంగుతుంది. విప్పేటప్పుడు కవరు తెరుచుకునే వైపు మాత్రమే బ్లేడుతో సన్నగా కోసి, తర్వాత మొత్తం ర్యాప్ తీసేయండి. చాలామంది సగం ర్యాప్ అలాగే వదిలేస్తారు, అది తర్వాత కూడా బిగుస్తూనే ఉంటుంది. ర్యాప్ మీద స్టిక్కరు ఉంటే కత్తిరించి అట్టలో వేయండి. చదునుగా ఉన్న లండన్, పియానో రెండు, మూల కోయని పాప్ ఒకటి, ఈ నాలుగింటికే అమ్మడమా ఉంచడమా అనే ప్రశ్న ఉంది. అవి మీ ఇష్టం. నేనైతే ఆ లండన్ అమ్మను.

ప్లేయరు వచ్చేదాకా ఆగలేకపోతే మా ఇంటికి తీసుకురండి. అమ్మగారినీ తీసుకురండి, మెట్లు లేవు.

మారేడ్‌పల్లి పాతిల్లు:

మొన్న ఆదివారం అమ్మ, అమ్మాయి, నేను నారాయణగూడ వెళ్ళొచ్చాం. మూల లేచిన లండన్ అక్కడే విప్పాం. రికార్డు ఒకచోట కొంచెం పైకి లేస్తోంది, ముల్లు దాంతోపాటు ఎక్కి దిగుతోంది, కానీ ఎక్కడా దూకలేదు. ఒకవైపు మొత్తం విన్నాం. అమ్మకు ఆ సంగీతం పరిచయం లేదు, అయినా కదలకుండా కూర్చుంది. చిట్టిబాబు గారి వీణ పెట్టగానే మాత్రం "ఇది మనింట్లో ఇంకోటి ఉంది, అరిగిపోయింది" అంది. వచ్చి చూస్తే నిజమే, బీరువాలో అదే రికార్డు ఉంది. నాన్న రెండో ప్రతి కొని పక్కన పెట్టుకున్నారన్నమాట.

తమ్ముడితో మాట్లాడాను. మూల కోయని పాప్ ఒకటి, పియానోలో ఒకటి విప్పకుండా అమ్ముతాం, కూకట్‌పల్లి ఆయన చూసిపెడతానన్నారు. చదునుగా ఉన్న లండన్ తమ్ముడే తనకు ఉంచమన్నాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు విప్పుతాడట. తొందరపెట్టినాయనకు ఏమీ ఇవ్వలేదు.

ప్లేయరు ఆర్డరు పెట్టాం, త్రాసు కూడా. అది వచ్చేలోపు బీరువాలోని 160 రికార్డుల లోపలి కవర్లన్నీ తీసి చూస్తున్నాను. చాలావాటి మీద పెన్సిలు తేదీలున్నాయి. 1979 మార్చికి ముందువి ఒక వరుస, తర్వాతవి ఒక వరుస పెడుతున్నాను. మొదటి వరుసలో ఇప్పటికి 43 అయ్యాయి.